అటు చూడు

"మళ్ళీ మొదటికొచ్చావా!" ఆమె రెండు ఎడారి లోయల మ్యాపులూ బల్లమీద విసిరికొట్టింది. "దొరక్క దొరక్క మూడురోజుల సెలవు దొరికింది. ఈ ఎర్రరాళ్ళ లోయలో కాలిబాట మొదలయ్యేచోటి దాకా మన కారే వెళ్తుంది. నీకేమో ఆ రెండోదే కావాలి!"

"అక్కడ సొంత కార్లు రానివ్వరు. పార్కువాళ్ళ బస్సు దింపినచోటి నుంచి నడుద్దాం," అన్నాడు భర్త, సిటీ బస్సు డ్రైవరు యూనిఫాం గుండీలు విప్పుకుంటూ.

"ఏడాది పొడుగునా బస్సులోనే ఉంటావు. ఎడారికెళ్ళి కూడా బస్సేనా? వారంనుంచీ నా ప్రాణాలు తోడేస్తున్నావు!"

అతను బల్లమీంచి జారి కిందపడ్డ మ్యాపు తీసి మడత సరిచేశాడు.

"పెళ్ళయి పదహారేళ్ళు. ఎక్కడికెళ్ళినా స్టీరింగు నా చేతిలోనే. నువ్వు 'అటు చూడు, అటు చూడు' అన్నప్పుడల్లా నేను రోడ్డే చూశాను."

కొండలు, వాగులు, పొలాలమీద లేచిన కొంగల బారు... తను చూపించినవన్నీ ఆమెకు గుర్తొచ్చాయి. ప్రతిదానికీ అతను "బాగుంది" అన్నాడు.

ఎర్రరాళ్ళ లోయ మ్యాపును సొరుగులో పడేసింది.

"కిటికీ పక్కన నువ్వు కూర్చో," అంది. "ఈసారి 'అటు చూడు' అని నువ్వే అనాలి."