ఊకున్నోడు

కోడిపెట్టను కుక్కలు పట్టుకుపోయిన రోజు ఉపేందర్ పాఠాలు చెప్పడానికి బడికి వెళ్లలేదు.

అది అతని భార్య ప్రమీల పెట్ట. తొమ్మిది గుడ్ల మీద దాన్ని పొదగవేసిన మర్నాడే ఆమె మరిపెడ దారిలో స్కూటీ మీద నుంచి పడింది. వరంగల్ దవాఖానలో మూడు రోజులు ఉంది. మూడు రోజులూ అతనితో మాట్లాడింది. గుడ్లు ఇరవై ఒక్క రోజులకు పగులుతాయని, పెట్టకు ఇన్ని నూకలు వేయడం మరిచిపోవద్దని చివరి రోజున కూడా చెప్పింది.

పెట్ట పోయింది పంతొమ్మిదో రోజున. గుడ్లు మిగిలాయి.

ఉపేందర్ వాటిని వరిపొట్టు పోసిన అట్టపెట్టెలో సర్ది, పైన బల్బు వేలాడదీశాడు.

ఇరవై ఒకటో రోజు పొద్దున ఒక గుడ్డుకు చిన్న బెజ్జం పడింది. లోపల పిల్ల కీచుమంటోంది. రెండు గంటలు చూసి, ఆగలేక గోరుతో పెంకు ఒలిచాడు. నెత్తురు కారింది. పిల్ల అతని అరచేతిలోనే చనిపోయింది.

రెండో గుడ్డుకు బెజ్జం పడేసరికి గేటు దగ్గర ఎవరో వచ్చి నిలబడ్డారు.

యాభై దాటిన మనిషి. తలకు తువ్వాల. తండా నుంచి వచ్చానని, సారుతో ఒక మాట ఉందని అన్నాడు.

తర్వాత రమ్మన్నాడు ఉపేందర్, తల తిప్పకుండానే.

ఆ మనిషి వెళ్లలేదు. పెట్టె వైపు చూశాడు. గుడ్డు మీదికి పోతున్న సారు గోటిని చూశాడు.

"ముట్టకు సారూ. లోపట నెత్తురు ఇంకా గుంజుకోలే. అదే వస్తది."

"సచ్చేదాన్ని చూసుకుంట కూసోవాల్నా?"

"కూసోవాలె. ఊకుండుడు గూడ పనే."

గోరువెచ్చని నీళ్లు అడిగాడు. తువ్వాల ముంచి పిండి, పెట్టె మీద సగం కప్పాడు. తేమ లేకపోతే లోపలి పొర ఎండి పిల్లకు అంటుకుపోతుందట. తర్వాత గొంతుక్కూర్చుని రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు.

"గుడ్లు పగిలేనాడు మా ఇంటామె నన్ను ఇంట్ల ఉంచది. నీ చేతులు ఊకుండవ్, బయటికి పో అంటది."

ఉపేందర్ బెజ్జం మీద నుంచి చూపు తిప్పలేదు.

గంట గడిచింది. బెజ్జం పెరగలేదు. గోరు మళ్లీ పెంకు దాకా పోయింది. ఆ మనిషి చేయి అడ్డం పెట్టాడు.

అప్పుడు వచ్చింది ఉపేందర్‌కు కోపం. ఆ రోజు రోడ్డు మీద కూడా ఇలాంటివాడే ఒకడు తగిలాడని చెప్పాడు. ప్రమీల తలను రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాడట. జనం ఆటో తెచ్చినా ఎక్కించనీయలేదట. అంబులెన్స్ వచ్చేసరికి అరగంట. ఆలోపే దవాఖానకు చేరి ఉంటే ఆమె బతికేది. వాడి మీద పోలీసులకు దరఖాస్తు ఇచ్చాడు.

"వాడు దొరకాలె. ఎందుకు ఊకున్నవని అడగాలె."

ఆ మనిషి తల ఎత్తలేదు.

"అడుగు సారూ," అన్నాడు.

చల్లారిన తువ్వాలను మళ్లీ నీళ్లలో ముంచి పిండి, పెట్టె మీద కప్పాడు.

మధ్యాహ్నం దాటాక గుడ్డు చుట్టూ పగులు తిరిగింది. పెంకు టోపీలా లేచింది. తడిసిన పిల్ల తనంతట తానే బయటికి దొర్లింది.

ఉపేందర్ చాలాసేపు దాన్నే చూశాడు. తల ఎత్తేసరికి ఆ మనిషి గేటు దగ్గర ఉన్నాడు. ఏం పని మీద వచ్చావని అడిగితే, "ఇయ్యాల గాదు సారూ," అని వెళ్లిపోయాడు. పేరు అడగడం ఉపేందర్‌కు తోచలేదు.

చీకటి పడేలోగా ఇంకో నాలుగు గుడ్లు పగిలాయి.

మర్నాడు పోలీస్ స్టేషన్ నుంచి కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. దరఖాస్తులో రాసిన మనిషి నిన్న సాయంత్రం తనే వచ్చి కనిపించాడట. పేరు సేవ్యా. వెనకట అతని తమ్ముడు ట్రాక్టర్ మీద నుంచి పడితే, మెడ విరిగిందని తెలియక భుజాన వేసుకుని పరుగెత్తాడట. తమ్ముడు దారిలోనే పోయాడట. అందుకే ఆ రోజు మేడం తల కదలనీయలేదట.

"డాక్టర్ గూడ అదే రాసిండు సార్. మెడ ఎముక విరిగింది, ఆటోల ఏస్తే ఆడికాడికే పాణం పోయేదని. మీకిచ్చిన కాగితాలల్ల ఉంటది సూడుండ్రి."

ఆ కాగితాలు ఉపేందర్ అప్పటిదాకా తెరవనే లేదు.

"నిన్న ఈ ముచ్చట చెప్దామనే మీ ఇంటికొచ్చిండట. కోడిపిల్లలతోని పరేషాన్‌ల ఉన్నరని చెప్పలేదట. కేసుతోని సారుకు నిమ్మలమైతదంటే ఉంచుండ్రి అన్నడు. ఏం జేద్దాం సార్?"

తీసేయమన్నాడు ఉపేందర్.

ప్రమీల మాట్లాడిన ఆ మూడు రోజులూ సేవ్యా ఇచ్చినవి.

తండా ఆరు కిలోమీటర్లు. నెల కావస్తోంది, ఉపేందర్ ఇంకా వెళ్లలేదు.