కుడిచేతి ఆటలు

"పిల్లోని ముందర శెనగలు పోసినావు. వాన్ని కూలికి పెట్టుకుంటివా ఏందమ్మా?"

మైదుకూరులో ఆ వీధి మొత్తానికి ఎమ్మెస్సీ చదివిన కోడలు వీరభద్రకే ఉంది. అందుకు ఆయన గర్వపడిన దాఖలా ఒక్కటీ లేదు. ఆ చదువు ఏం సాధించిందో ఇప్పుడు చాప మీద కనబడుతోంది: పళ్ళెంలో పిడికెడు శనగలు, ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసా, ఎదురుగా మొన్ననే ఏడాది నిండిన మనవడు.

"కూలి కాదు మామా, ఆట. ఇట్ల చేస్తే వేళ్ళకు పట్టొస్తాదంట," అంది నాగలత.

"ఎవురు చెప్పినారు?"

"కాగితంలో ఉండాది."

ఆ కాగితం పోయిన వారం పిల్లాడి టీకాల కార్డు కవరులో దొరికింది. పైభాగం చిరిగిపోయింది. మిగిలిన దాంట్లో 'వీరభద్ర - రోజూ చేయించవలసినవి' అని రాసి, కింద ఎనిమిది పనులు వరసగా ఇచ్చారు. మనవడికి తాత పేరు పెట్టడం వాళ్ళింటి ఆనవాయితీ. పెట్టడమైతే పెట్టారు, మామ పేరు కోడలు పలకకూడదు, మొగుడి పేరు అత్త ఈరక్క పలకకూడదు. దాంతో పిల్లాడు బుజ్జిగాడైపోయాడు. టీకాలేసే నర్సమ్మ అయినా అసలు పేరు రాసిందని నాగలత ముచ్చటపడింది.

"గొంతులో పడితే? నీ కాగితమొచ్చి తీస్తాదా?"

"అందుకే మిమ్మల్ని పక్కన కూసోమంటాండా. గింజ వాని చేతికియ్యొద్దు. మీరే ఒక్కొక్కటి తీసి సీసాలో వేసి చూపియ్యండి. అన్నీ వేసినాక మూత బిగిచ్చి ఇస్తే వాడు గలగలలాడిస్తాడు. కుడిచేత్తోనే వెయ్యాలంట మామా, కింద గీత గూడా గీసినారు."

అనేశాక నాలుక కరుచుకుంది.

మూడు నెలల కిందట వీరభద్రకు పక్షవాతం వచ్చింది. కాలు తిరిగొచ్చింది గానీ కుడిచెయ్యి రాలేదు. కర్నూలు ఆసుపత్రిలో చేతికి వ్యాయామాలు చేయిస్తామని రబ్బరు బంతి ఇస్తే, రెండో రోజే దాన్ని గోడకేసి కొట్టి, "నేనేమన్నా ఉయ్యాల్లో బిడ్డనా?" అని లేచి వచ్చేశాడు. అప్పటినుంచి ఎడమచేత్తో చెంచా పట్టి, లోపలి గదిలో తలుపు దగ్గరగా వేసుకుని తింటున్నాడు. వచ్చే నెల బుజ్జిగాడి పుట్టెంట్రుకలు. భోజనాలకు రెండు వందల ఆకులు లేస్తాయి. "ఆకు ముందర ఎడంచేత్తో కూసోను. మీరే పోయి రాండి," అని తేల్చి చెప్పాడు. కొడుకు నవీన్ బతిమాలాడు. ఈరక్క ఏడ్చింది. ఆయన కదల్లేదు.

"పోనీలే మామా, నేనే వేస్తాలే," అంది నాగలత మెల్లగా.

"నువ్వీడుంటే ఆడ కూర మాడిపోతాది. పో." చాప మీద కూలబడ్డాడు. "ఏడాది పిల్లోనికి కుడేదో ఎడమేదో యాడ తెలుస్తాది! రాసినోళ్ళకు బుద్ధిల్యా, చేసేటోళ్ళకు అంతకంటే ల్యా."

మొదటి గింజ సీసాలో పడేలోపు బుజ్జిగాడు మంచం కిందికి పాకి, తిరిగి వచ్చి, తాత తొడ మీద ఎక్కి కూర్చున్నాడు.

మరుసటి రోజు తడిగుడ్డ పిండే ఆట. ఆ తర్వాత చపాతీ పిండి పిసికే ఆట, గ్లాసు మీద గ్లాసు పెట్టే ఆట. గ్లాసులు నిలబెట్టడం తాత వంతు, పడగొట్టడం మనవడి వంతు. మనవడే ముందు నేర్చుకున్నాడు. దండేనికి బట్టల క్లిప్పులు తగిలించే ఆట వచ్చేసరికి వీరభద్ర పెళ్ళాన్ని పిలిచాడు.

"ఇది చూసినావా? రేపు వీనితో అంట్లు గూడా తోమిస్తాది నీ కోడలు!"

"ఆడిచ్చేది నువ్వే గదప్పా. నచ్చకపోతే లేసి రా," అంది ఈరక్క.

"నేను లేస్తే వాడు క్లిప్పు మింగుతాడు. మీకేం, ఫోన్లు చూసుకుంటా కూసుంటారు."

ఆ మాట నాగలతకు గుచ్చుకుంది. మర్నాడు పళ్ళెం బయట పెట్టలేదు. పది గంటలకల్లా వంటింటి గడపలో మామ నిలబడ్డాడు.

"ఏమమ్మా, ఈ పొద్దు ఏం పిచ్చిపని ల్యాదా?"

"మీకిష్టం లేదు గదా మామా. మానేద్దామనుకుంటాండా."

"సగంలో మానేస్తే బిడ్డకు సగం తెలివే వస్తాది. మీ ఎమ్మెస్సీలో ఇది చెప్పల్యా? పిండి యాడుండాది?"

ఆ నెలంతా పిండి పిసుకుతూనే ఉన్నాడు, కోడల్ని తిడుతూనే ఉన్నాడు. బుజ్జిగాడు మాత్రం ఏ ఆటనూ అయిదు నిమిషాలకు మించి ఆడలేదు. మిగిలిన గంటంతా తాతే ఆడించాడు.

పుట్టెంట్రుకల రోజు గుండు మీద గంధం పూసుకుని బుజ్జిగాడు అందరి చేతులూ మారుతున్నాడు. మొదటి బంతి లేచి, రెండో బంతికి ఆకులు వేశారు. నెయ్యి గిన్నె పట్టుకుని వరస వెంట వస్తున్న నాగలత చివరి ఆకు దగ్గర ఆగిపోయింది.

వీరభద్ర కూర్చుని ఉన్నాడు. కుడిచేత్తో పప్పన్నం కలుపుతున్నాడు. ముద్ద గుండ్రంగా రాలేదు. నాలుగు మెతుకులు ఆకు మీద రాలాయి. మిగిలింది నోటిదాకా వెళ్ళింది.

"మామా!" నాగలత నెయ్యి గిన్నె కింద పెట్టేసింది. "బుజ్జిని ఆడిచ్చి ఆడిచ్చి మీ చెయ్యి... అంతా ఆ నర్సమ్మ కాగితం పుణ్యం!"

"నర్సమ్మదంట, కాగితం!"

పక్క ఆకువాళ్ళు వినడం లేదని చూసుకుని ఆయన గొంతు తగ్గించాడు.

"ఆసుపత్రి నుంచి లేసొచ్చింది నాదే తప్పమ్మా, వాళ్ళు నాకిచ్చిన కాగితం బిడ్డ కవర్లో పెట్టింది నేనే."