గురక అంకుల్

విశ్వనాథం గారు చారు గిన్నె తెచ్చిచ్చి, కుర్చీలో కూర్చుని, నిద్రపోయారు.

రాగిణి, నరసింహ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన వాళ్లకి చుట్టం కాదు, స్నేహితుడూ కాదు. అసలు ఆయన్ని చూడటమే అదే మొదటిసారి.

వాళ్ల ఆరేళ్ల కూతురు మైత్రికి లుకేమియా అని తెలిసినప్పటి నుంచి అమెరికాలో వాళ్లుండే క్యారీ ఊళ్లోని తెలుగువాళ్లు వంతులు వేసుకుని ఆ ఇంటికి వంట పంపిస్తున్నారు. ఆ సాయంత్రం వంతు ఉషా గారిది. వండింది ఆవిడ, మోసుకొచ్చింది ఆవిడ భర్త.

వచ్చినవాళ్లంతా పాపని చూసి కళ్లు తుడుచుకునేవారు. తుడుచుకున్నాక సలహా ఇచ్చేవారు. జాజికాయ పాలు పట్టమని ఒకరు, అరికాళ్లకి నెయ్యి రాయమని ఒకరు.

మైత్రికి నిద్ర పట్టడం లేదు మరి. స్టెరాయిడ్ మందు వేసే వారమైతే దెయ్యంలా కళ్లు తెరుచుకుని కూర్చునేది. పాప కోలుకోవాలంటే నిద్ర కావాల్సిందేనని డాక్టరు ఖచ్చితంగా చెప్పింది. అది విన్నాక తల్లికీ తండ్రికీ కూడా నిద్ర పోయింది.

విశ్వనాథం గారు మాత్రం ఏ సలహా ఇవ్వలేదు. పాప ఎలా ఉందని మాటవరసకైనా అడగలేదు. అడగకుండానే మోచేతుల దాకా చేతులు కడుక్కున్నారు. మాస్క్ సర్దుకుని, మైత్రి సోఫాకి ఎదురుగా ఉన్న కుర్చీలో చేరగిలబడి, ఒక్క నిమిషం నడుం వాలుస్తానమ్మా అన్నారు.

ఆ వెంటనే గురక మొదలైంది.

అలాంటిలాంటి గురక కాదు. మాస్క్ లోపలికి పోతోంది, బయటికి ఉబ్బుతోంది. చివర్లో చిన్న ఈల కూడా ఉంది.

మైత్రి పడీ పడీ నవ్వింది. ఆ మాస్క్‌నే చూస్తూ చూస్తూ సోఫాలో ఒరిగి నిద్రపోయింది.

జాజికాయ పాలు పనిచేశాయని రాగిణి సంబరపడింది.

మర్నాడు విశ్వనాథం గారు గిన్నె కోసం వచ్చారు. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని రాగిణి అందులో పంచదార పోసి సిద్ధంగా పెట్టింది. ఆయన కుర్చీలో కూర్చుని, గురక పెట్టి, మైత్రి నిద్రపోయాక లేచి, గిన్నె మర్చిపోయి వెళ్లిపోయారు.

ఆ మర్నాడూ గిన్నె కోసమే వచ్చారు. ఆ మర్నాడూ మర్చిపోయారు.

నరసింహకి ఒళ్లు మండింది. అతనికి సాయంత్రాలు కాలిఫోర్నియా టీమ్‌తో మీటింగులు. మీ ఇంట్లో లాన్‌మోవర్ నడుస్తోందా అని మేనేజర్ అడిగాడట.

"ఏం మనిషే ఈయన? మనింట్ల పరిస్థితి చూస్తలేడా? పడుకోనీకి ఆయనకి ఇల్లు లేదా?" అన్నాడు రాగిణితో.

రాగిణికీ మండుతూనే ఉంది. తామిద్దరూ నిద్రకి మొహం వాచి ఉంటే, ఈయన వచ్చి కళ్లెదురుగా హాయిగా నిద్రపోవడం ఆమెకి కడుపుమంటగా ఉంది. కానీ పెద్దాయన మొహం మీద ఎలా చెప్పడం? అందుకని ఇద్దరూ కలిసి ఒక మర్యాదైన అబద్ధం తయారుచేశారు. డాక్టరు ఎవరినీ రానివ్వొద్దందని ఆయనకి ఫోన్‌లో చెప్పారు.

డాక్టరు మాట వినాల్సిందేనమ్మా అని ఆయన ఒక్క మాటైనా ఎదురు చెప్పకుండా ఒప్పుకున్నారు. మళ్లీ రాలేదు.

మైత్రి నిద్ర కూడా మళ్లీ రాలేదు.

జాజికాయ మోతాదు పెంచారు. నెయ్యి అరికాళ్ల నుంచి మోకాళ్ల దాకా వెళ్లింది. రాగిణి పక్కనే కూర్చుని పాప నుదురు పట్టి చూసేది. జ్వరం వస్తే పరుగెత్తాలి కదా. నరసింహ ఊపిరి ఆడుతోందో లేదోనని వంగి చూసేవాడు.

"గురక అంకుల్ ఎప్పుడు వస్తాడు?" అని అడిగింది మైత్రి.

"ఆయనెందుకురా బంగారం? మేమున్నాం కదా," అంది రాగిణి.

"మీరు నన్ను చూస్తారు. ఎప్పుడూ చూస్తారు. నాకు స్కేరీ అవుతుంది. అంకుల్ చూడడు. అంకుల్ పడుకుంటే, అంటే, ఇట్స్ ఓకే అని. నాకేం అవ్వదు అని."

రాగిణి జాజికాయ పాలు తీసుకెళ్లి సింకులో పారబోసింది.

నరసింహ మాస్క్ పెట్టుకుని, కుర్చీలో వాలి, తన శక్తి కొద్దీ గురక పెట్టాడు. ఒక కన్ను తెరిచి పాప నిద్రపోయిందేమోనని చూశాడు.

"నాన్నా, నువ్వు ఫేక్," అంది మైత్రి.

ఇక లాభం లేదని రాగిణి కారు తీసింది. ఎన్ని క్షమాపణలైనా చెప్పి ఆయన్ని వెంటబెట్టుకు రావాలని దారి పొడవునా అనుకుంది.

ఉషా గారి ఇంటి నిండా అట్టపెట్టెలు. కూతురి దగ్గర ఉండిపోవడానికి అరిజోనాలోని చాండ్లర్‌కి మారిపోతున్నారట. విశ్వనాథం గారు నిన్ననే బయల్దేరి వెళ్లిపోయారట.

రాగిణి కళ్లలో నీళ్లు తిరిగాయి. మేము అబద్ధం చెప్పాం ఆంటీ, డాక్టరు అలా అనలేదు అని ఒప్పేసుకుంది.

"అంకుల్ మా ఇంట్లో ఎంత హాయిగా నిద్రపోయేవారో. ఇంకొక్క వారం వచ్చి పడుకోమని అడుగుదామని వచ్చాను."

ఉషా గారు పెట్టెకి టేపు వేస్తూ ఆగిపోయారు.

"ఆయన నిద్రపోయారా?"

"గురక పెట్టి మరీ ఆంటీ. చివర్లో ఈల కూడా."

ఆవిడ మెల్లిగా ఒక పెట్టె మీద కూర్చున్నారు.

"మా మనవడు ఈషాన్‌దీ మీ పాప జబ్బేనమ్మా. ఆ గురక వాణ్ణి నిద్రపుచ్చడానికి ఆయన నేర్చుకున్నది, వాడు పోయాక ఆయనకి నిద్రే పట్టదు."