మేక మేసిన మల్లె

ఒక ఇంటి వసారాలో, కుండీలో ఒక మల్లె ఉండేది. రెండేళ్ళుగా ఇంట్లో దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. తీగలు చిక్కుపడి, ముదురాకు గుబురుగా కమ్మేసింది గానీ ఒక్క మొగ్గ లేదు. "ఈ ఎండాకాలమూ పూయకపోతే పీకి పారేస్తా" అని ఇంటావిడ అననే అంది.

ఆ మల్లెను ప్రాణంగా చూసుకునే ఉడుతకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అంతలో ఒక ముసలి మేక గోడ దూకి వచ్చింది.

"తప్పుకోవే పిల్లా, దీని ఆకు మేస్తాను."

"సిగ్గు లేదా మేకత్తా! చావబోయేదాన్ని తింటావా?" ఉడుత కుండీకి అడ్డంగా నిలబడింది.

మేకకు ఒళ్ళు మండింది. "నేను మల్లెతోటల్లో పెరిగినదాన్నే! మాఘమాసం వస్తే రైతులే మమ్మల్ని తోటలోకి తోలేవాళ్ళు. ముదురాకు పోతే గానీ మొగ్గ రాదు. ఒక్క ఆకూ రాలనివ్వకుండా కాపలా కాసి దీన్ని ఈ గతికి తెచ్చింది నువ్వే!"

"మేయనీయవే చెల్లీ, నాకు ఊపిరాడటం లేదు," అంది మల్లె.

ఉడుత కళ్ళు మూసుకుని పక్కకు జరిగింది. నమిలే చప్పుడు ఆగాక చూస్తే పుల్లలే మిగిలాయి. అది ఏడ్చి ఏడ్చి తిండి మానేసింది.

నెల తిరిగేసరికి వసారా అంతా ఉడుత కేకలే! పుల్లపుల్లకూ లేతచిగురు, చిగురుచిగురుకూ మొగ్గలు! ఇంటావిడ పరుగున వచ్చి చెంబుతో నీళ్ళు పోసింది.

వాసన పట్టి మేక మళ్ళీ గోడెక్కింది. చిగుళ్ళు చూసి దానికి నోరూరింది.

ఉడుత తోక ఎగరేసి అరిచింది. "ఇప్పుడు కాదు మేకత్తా, వచ్చే మాఘానికి రా! నేనే పిలుస్తాను!"