ఖండేనవమి మర్నాడు

చెబితే ఏమవుతుంది, చెప్పకపోతే ఏమవుతుంది అని నెల రోజులుగా దత్తాత్రి మనసు ఒకచోట నిలవడం లేదు. పక్కనే చెల్లెలి మొగుడు రామన్న, ఒక కంటికి గుడ్డ కట్టుకుని, పురుషోత్తం అడిగినదానికల్లా జవాబు చెబుతున్నాడు. కొంతం చౌక్ బట్టల సేటు కొడుకైన పురుషోత్తం పూనా కాలేజీలో మరమగ్గాల ప్రమాదాల మీద పరిశోధన చేస్తున్నాడు.

“తప్పు నాదే సాబ్. సోయి లేక నిలవడ్డ. మగ్గంల అటిటు ఉరికే నాడె ఎగిరొచ్చి కంట్ల తాకింది.”

“తప్పెవరిదని అడుగుతలేను కాకా. అంతకుముందు లేనిది ఆ రోజు మగ్గం మీద ఏమన్న ఉండెనా?”

రామన్న నవ్వాడు. “బంతిపూల దండ! ముందురోజు ఖండేనవమి ఆయుధపూజకు మా బావ కట్టిండు. పెండ్లికొడుకు లెక్క ఉండె మగ్గం.”

పురుషోత్తం కూడా నవ్వి, రాసుకున్నాడు. దత్తాత్రి కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

“ఏంది బావా, గట్ల చెమటలు? కన్ను పోయింది నాదా, నీదా?”

“అంతకుముందు ఉన్నది ఆ రోజు ఏం లేకుండెనో, అది అడుగు సాబ్,” అన్నాడు దత్తాత్రి. “నాడె ఎగరకుంట అడ్డం కమ్మి ఉంటది. దండ కట్టనీకి నేనే ఇప్పిన. మళ్ల పెట్టుడు మర్చిన.”

పురుషోత్తం కలం ఆగిపోయింది. దత్తాత్రి తల తిప్పి, రామన్నకు మిగిలిన కంట్లోకి చూశాడు.