హోం బోర్డు మాట

"పెట్రోలు బంకోళ్లు స్థలం కోసం మళ్లీ వచ్చినారు పెదనాయనా. ఈసారన్నా బోర్డోళ్లను గట్టిగా అడగరాదా?" అన్నాడు చర్చి సంఘం సెక్రటరీ ఎబినేజర్.

"అడిగినాను. వద్దన్నారు," అన్నాడు మంచంలో ఉన్న సుందరరాజు.

తర్లుపాడు రోడ్డు పక్కనున్న ఆ సమాధుల తోటను వెనకటి మిషన్ దొరలు కొన్నారు. దేశానికి స్వతంత్రం వచ్చింది గానీ ఆ తోటకు రాలేదు. దొరలు వెళ్లిపోయినా పెత్తనం సముద్రాల అవతలి హోం బోర్డుదే. అందులో మూరెడు నేల అమ్మాలన్నా వాళ్లు ఒప్పుకోవాలి. వాళ్లతో మాట్లాడేది సంఘపెద్ద సుందరరాజు ఒక్కడే.

"ఒక మూల పోతే తోటంతా పోతాదంట. సెంటు భూమి లేని కూలోళ్లు మనుషుల్ని యాడ పూడ్చుకుంటారని అడిగినారు," అన్నాడు సుందరరాజు.

"మన కూలోళ్ల మీద వాళ్లకంత ప్రేమనా?" కూతురు వందనకు ఒళ్లు మండిపోయింది. "మరి అమ్మ మీద లేకపాయెనే!"

ఎబినేజర్ తల దించుకున్నాడు. సుందరరాజు భార్య కరుణమ్మ ఆపరేషన్ కోసం ఆ రోడ్డువైపు మూల అమ్ముదామని అప్పట్లో సంఘమంతా చేతులెత్తింది. బోర్డును అడిగొస్తానని అతను ఫోను పట్టుకొని తోటలోకి పోయాడు. తిరిగొచ్చి, "ఒప్పుకోలేదు," అన్నాడు. నెల తిరక్కుండానే కరుణమ్మను ఆ మూలనే పూడ్చారు. నడవగలిగినన్నాళ్లు ప్రతి ఆదివారం ఆ సమాధి దగ్గర కూర్చుని, "క్షమించు కరుణా," అంటూ ఏడ్చేవాడు.

ఎబినేజర్ ఫోను ఒకసారి మోగి ఆగిపోయింది. "బంకోళ్లే. గుట్ట మీదికి పోయి మాట్లాడొస్తా," అంటూ లేచాడు. పలకరాళ్ల గుట్ట ఎక్కితే తప్ప ఆ ఊళ్లో ఎక్కడా మాట్లాడేంత సిగ్నల్ నిలవదు.

అతను వెళ్లగానే వందన మంచం పక్కన కూలబడింది. ఇన్నేళ్లుగా మింగిన ఏడుపంతా ఒక్కసారిగా పైకొచ్చింది.

"ఈ ఊరి మొహం చూడనోళ్లు మా అమ్మను చంపేసినారు నాయనా. నువ్వేమో వాళ్ల మాటే మోస్తున్నావు. అసలు ఆ బోర్డులో ఎవరుండారు? ఒక్కరి పేరన్నా చెప్పు."

సుందరరాజు కూతురి తల నిమిరాడు.

"నేనొక్కన్నే తల్లీ."