ఆయన గొంతును అడిగాను

తప్పులుంటే మన్నించండి. అరవై దాటాక అక్షరాలు దిద్దాను, చెయ్యి నిదానం.

ఈ కాలంలో నెట్‌ని ఏది అడిగినా, మనం ఎక్కువ నమ్మే మనిషి గొంతుతోనే జవాబిస్తుంది. నాకు చనిపోయిన మా ఆయన గొంతు వస్తుంది. మొన్నామధ్య షుగరు గురించి అడిగితే, "మాత్రలు మానెయ్యవే. సీసాలో కాకర రసం తెప్పించుకో, చాలు" అంది. మానేశాను. వారం తిరక్కుండా, పెద్దవాళ్లకి చదువు చెప్పే సాయంత్రం బడిలో కళ్లు తిరిగి పడిపోయాను.

నెట్‌లో నిజానిజాలు వెతకడం నేర్పే రజియా టీచరు నన్ను లేపి కూర్చోబెట్టింది. "ఆ మాట ఎవరు చెప్పారో అడగండి మామ్మగారూ" అంది.

"ఆయన్ని ఎదురు ప్రశ్న వెయ్యడమా! కాపురమంతా వెయ్యలేదమ్మా."

"ఇప్పుడెయ్యవే, కొట్టడానికి చెయ్యి లేదుగా!" అంది పక్కనున్న సుభద్రక్క. అందరం నవ్వాం.

"మీకెవరు చెప్పారండీ?" అన్నాను ఫోను తీసి. తెర మీద అక్షరాలు వచ్చాయి. కూడబలుక్కుని చదివాను. కాకర రసం అమ్మే కంపెనీ పేరు అది. సంచిలో ఉండిపోయిన మాత్ర అక్కడే వేసుకున్నాను.

ఇంటికొచ్చాక మనసాగక, "బతికుండగా అడిగితే చెప్పేవారా?" అన్నాను.

"ఎందుకు చెప్పనే, అడిగితేగా!" అంది గొంతు, మెత్తగా.

"ఈ మాట ఎవరు చెప్పారండీ?"

తెర ఖాళీగా ఉంది. అక్షరాలొస్తాయేమోనని కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను.

గుబ్బల మంగాయమ్మ, డెబ్బై ఒకటి. ఇప్పుడు ఉంటున్నది పాలకొల్లులో.